పది రోజుల మౌనం

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, ఒక రైతు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాది మునగాల, ఆయనది పక్క ఊరు. సాగర్ ఎడమ కాలువ ఆ ఊరి పొలాలను తడుపుకుంటూనే పోతుంది గానీ ఈయన రెండెకరాలు మెరక. కాలువ నీళ్లు ఎక్కవు. బోరే దిక్కు. ఉన్న బోరు సంక్రాంతి దాటగానే ఎండిపోయింది.

"సారూ, మీరు సంఘ పెద్ద కదా. ప్రార్థన చేసి దేవుడు ఏమంటున్నాడో చెప్పండి. ఇంకో బోరు వేయమంటాడా, వద్దంటాడా?" అన్నాడు.

ఎక్కడ వేద్దామనుకుంటున్నావని అడిగాను. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలంలో నడిచే మనిషిని పిలిపించాడట. ఈశాన్యం మూలన కాయ లేచి నిలబడిందట. అక్కడ ఒక రాయి పాతి సున్నం చల్లి వచ్చాడు.

"బోరు బండికి చెప్పావా తమ్ముడూ?"

"చెప్పాను సారూ. అడ్వాన్సు కూడా ఇచ్చాను. రేపు రాత్రికి వస్తది."

నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మా పెద్దమ్మాయికి సంబంధం ఖాయం చేసి, తాంబూలాలు కూడా పుచ్చుకున్న తరువాతే నేను ఉపవాస ప్రార్థన పెట్టించాను. దేవుని చిత్తం తెలుసుకోవాలని అందరితో చెప్పాను. నిజానికి అప్పటికి నాకు కావలసింది దేవుని సంతకం ఒక్కటే.

ఆ రైతు వెళ్లిపోయాక బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం తీశాను. నలభై రెండో అధ్యాయం. అచ్చం ఇలాంటి మనుషులే అక్కడ యిర్మీయా ముందుకు వచ్చి నిలబడతారు. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది వాళ్ల సంగతే.

క్రీస్తు పూర్వం 586 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును పట్టుకుంది. దేవాలయం కాలిపోయింది, గోడలు కూలిపోయాయి, రాజు సిద్కియా కళ్లు పెరికి సంకెళ్లతో తీసుకుపోయారు. దేశంలో మిగిలింది పేదవాళ్లు. వాళ్లకు ద్రాక్షతోటలు, పొలాలు పంచి, గెదల్యా అనే మంచి మనిషిని వాళ్ల మీద అధికారిగా నియమించి బబులోను వాళ్లు వెళ్లారు. యిర్మీయా సంకెళ్లు విప్పించి, మాతో బబులోనుకు వస్తే బాగా చూసుకుంటాం, ఉంటానంటే ఉండు అని సేనాపతి చెప్పాడు. యిర్మీయా ఉండిపోయాడు. మిస్పా అనే ఊళ్లో గెదల్యా దగ్గర, ఆ మిగిలిన జనం మధ్య కాపురం పెట్టాడు.

ఆ గెదల్యాను రాజవంశం వాడొకడు, ఇష్మాయేలు, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తూ లేచి నరికేశాడు. బబులోను రాజు పెట్టిన అధికారిని చంపారు. ఇక బబులోను వాళ్లు ఊరుకుంటారా? మిగిలిన జనానికి వణుకు పుట్టింది. కారేహ కొడుకు యోహానాను అనే సైనికాధికారి వాళ్లందరినీ కూడగట్టుకుని దక్షిణానికి బయలుదేరాడు. బెత్లెహేము దగ్గర కింహాము అనే మజిలీలో ఆగారు. అక్కడి నుంచి ఐగుప్తుకు దారి.

మూటలు కట్టుకునే ఉన్నారు. అప్పుడు యిర్మీయా గుర్తొచ్చాడు. పిల్లల దగ్గరి నుంచి పెద్దల దాకా అందరూ వచ్చి, మేము కొద్దిమందిమి మిగిలాం, నీ దేవుణ్ని అడుగు, మేం ఎటు పోవాలో చెప్పమను, ఆయన చెప్పింది మాకు ఇష్టమైనా కష్టమైనా చేసి తీరుతామని ప్రమాణం చేశారు.

అడుగుతానన్నాడు యిర్మీయా. తరువాత పది రోజులు మౌనం.

ఈ పది రోజుల మాట గ్రంథంలో ఒక్క వాక్యం. చదివేటప్పుడు దాటిపోతాం. నేనూ ఎన్నో ఏళ్లు దాటిపోయాను. కానీ ఒక్కసారి ఆ మజిలీలో కూర్చుని చూడండి. వెనక బబులోను గుర్రాల డెక్కలు వినబడతాయేమోనని భయం. ముందు ఐగుప్తు బాట తెరిచి ఉంది. ఆడవాళ్లు, చంటిపిల్లలు, తిండిగింజలు అయిపోతున్నాయి. ప్రతి పొద్దూ ఎవరో ఒకరు వచ్చి, ఏమైనా తెలిసిందా అని అడిగి ఉంటారు. యిర్మీయాకు సొంత అభిప్రాయం లేకపోలేదు. నలభై ఏళ్లుగా ఐగుప్తును నమ్ముకోవద్దని గొంతు చించుకున్న మనిషి. మొదటి రోజే, వద్దు, పోవద్దు అని చెప్పేయగలడు. చెప్పినా అది తప్పయ్యేది కాదు. ఆఖరికి వచ్చిన జవాబు కూడా అదే. అయినా ఆయన నోరు విప్పలేదు. తన అభిప్రాయం తనది, దేవుని మాట దేవునిది. ఆ రెండింటి మధ్య పది రోజుల ఎడం ఉంచాడు. ప్రవక్త అంటే నాకు ఆ పది రోజుల్లో కనిపిస్తాడు.

పదో రోజు తరువాత మాట వచ్చింది. ఈ నేల మీదే ఉండండి, మిమ్మల్ని కడతాను, నాటుతాను, బబులోను రాజుకు భయపడకండి. ఏ కత్తికి, ఏ కరువుకు భయపడి ఐగుప్తుకు పోతున్నారో అవి అక్కడికే మీ వెంట వస్తాయి.

వాళ్ల జవాబు ఏమిటో తెలుసా? నువ్వు అబద్ధం చెబుతున్నావు అన్నారు. ఇది దేవుని మాట కాదు, నీ దగ్గర రాతగాడు బారూకు నిన్ను మా మీదికి ఎగదోస్తున్నాడు అన్నారు. పది రోజుల కిందట ప్రమాణం చేసిన నోళ్లే.

ఐగుప్తు ఆశ అంత లోతుగా దిగింది వాళ్లలో. 1935లో లాకీషు అనే పాత కోట ద్వారం దగ్గర తవ్వితే కుండపెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. యెరూషలేము పడిపోయే ముందు రోజుల్లో సైనికాధికారులు రాసుకున్నవి. అందులో ఒక పెంకు మీద రెండు కబుర్లు ఉన్నాయి. ఒకటి, మన సేనాధిపతి ఐగుప్తు దారి పట్టాడని. రెండోది, ఒక ప్రవక్త దగ్గరి నుంచి హెచ్చరిక చీటీ వచ్చిందని. ఆ ప్రవక్త పేరు పెంకు మీద లేదు. అయినా ఆ కాలం మొత్తం ఆ అరచేతి వెడల్పు పెంకులో ఇమిడి ఉంది. పెద్దల కాళ్లు ఐగుప్తు వైపు, ప్రవక్త మాట వాళ్లకు ఎదురు.

ఈ సంగతి మునగాల వాళ్లకు చెబితే తొందరగా అర్థమవుతుంది. మన పరగణా ఎలా ఉండేదో పెద్దలు చెప్పగా విన్నాం కదా. పేరుకు కృష్ణా జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ, ఇంగ్లీషు వాళ్ల ఏలుబడి. ఏ దిక్కుకు నాలుగడుగులు వేసినా నైజాం రాజ్యం. నీళ్ల మధ్య లంకలా ఒక చిన్న నేల. యూదా దేశం అలాంటిదే. ఒక పక్క బబులోను, ఒక పక్క ఐగుప్తు, నడుమ రెండు రాజ్యాల సైన్యాలూ నడిచే బాట. మన హైదరాబాదు, బెజవాడ రోడ్డు కూడా సైన్యాన్ని చూసింది. 1948 సెప్టెంబర్ 13న నైజాం రాజ్యం మీదికి బెజవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం పొద్దున ఎనిమిదిన్నరకు కోదాడ చేరి, మధ్యాహ్నానికల్లా మునగాలలో ఉంది. ఇలాంటి చోట బతికే మనిషికి రోజూ ఒకటే ఆలోచన. ఎవరి పంచన చేరితే బతుకుతాం? ఆ ఆలోచన పాపం కాదు. యోహానాను పిరికివాడూ కాదు, మూర్ఖుడూ కాదు.

అసలు యోహానాను సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని ప్రసంగాల్లో ఎక్కువగా వదిలేస్తారు. గెదల్యా చావుకు ముందు, ఇష్మాయేలు నిన్ను చంపడానికి వస్తున్నాడు, జాగ్రత్త అని రహస్యంగా హెచ్చరించింది ఈ యోహానానే. గెదల్యా నమ్మలేదు. నువ్వు అతని మీద అబద్ధం చెబుతున్నావు అన్నాడు. ప్రాణం పోగొట్టుకున్నాడు. అంటే అదే గ్రంథంలో, రెండు అధ్యాయాల తేడాలో, మనిషి చెప్పిన మంచి సలహా వినక ఒకడు చచ్చాడు, దేవుడు చెప్పిన మాట వినక ఒక జనమంతా చెదిరిపోయింది. మనిషి సలహా పనికిరాదని బైబిలు చెబుతోందని ఎవరైనా అంటే ఈ గెదల్యాను గుర్తుచేయండి. యోహానానుకు ఇష్మాయేలు గుట్టు తెలుసు కాబట్టి అది చెప్పాడు. ఐగుప్తులో రేపు ఏం జరుగుతుందో అతనికి తెలియదు. తెలియనిచోట తెలిసినట్టు జనాన్ని నడిపించాడు. తప్పు అక్కడ ఉంది.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. మా చిన్నమ్మకు షుగరు. ఒక కూటంలో ఎవరో ఆమె తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను ముట్టాడు, ఇక బిళ్లలు మింగితే అది అవిశ్వాసం అని ప్రవచనం చెప్పారు. ఆమె నమ్మింది. సీసాలు తీసి పెంటకుప్పలో పారేసింది. మాకు చెప్పలేదు. మూడు నెలలకు కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు. ఆముదం రాసుకుంది. మేము చూసేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద తీసేశారు. ఆ ఆసుపత్రి మంచం మీద ఆమె నన్ను అడిగింది, "నా విశ్వాసం తక్కువైందంటావా అబ్బాయ్?" అని. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

అప్పుడు ఆమెకు హిజ్కియా రాజు కథ చదివి వినిపించాను. ఆయనకు చావు రోగం వచ్చింది. ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచుతానని యెషయా ప్రవక్తతో కబురు పంపాడు. ఆ కబురు తెచ్చిన యెషయాయే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టండని చెప్పాడు. ప్రవచనమూ ఆ నోటి నుంచే వచ్చింది, మందూ ఆ నోటి నుంచే వచ్చింది. మందు కట్టడం అవిశ్వాసమైతే యెషయా ఆ పని ఎందుకు చెప్తాడు? అమ్మా, అయ్యా, మీలో షుగరు, బీపీ, క్షయ, ఫిట్సు మందులు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఈ మాట వింటుంటే, దేవుని పేరు చెప్పి మందు మానమన్న ఏ మాటనూ నమ్మకండి. చెయ్యెత్తి వేడుకుంటున్నాను.

మరి దేవుని పేరు చెప్పి వచ్చే మాటల్లో ఏది ఆయనదో ఎలా తెలుస్తుంది? కష్టమైన ప్రశ్న ఇదే. యిర్మీయా కాలంలోనూ ఇదే కష్టం. ఆయన మెడ మీద చెక్క కాడి మోసుకుని తిరుగుతూ, బబులోనుకు లొంగి బతకండని చెబుతున్న రోజుల్లో హనన్యా అనే ఇంకో ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, గుడి సామాను తిరిగి వస్తుంది, ఇది దేవుని మాట అన్నాడు. యిర్మీయా మెడ మీది కాడి లాగి విరగ్గొట్టాడు. జనానికి ఎవరి మాట తియ్యగా ఉంటుంది?

యిర్మీయా ఏం చేశాడో చూడండి. ముందు, అలాగే జరగాలి, నువ్వన్నట్టే కావాలి అన్నాడు. ఎదురు ప్రవచనం తన దగ్గర సిద్ధంగా లేదు. శాంతి వస్తుందని చెప్పిన ప్రవక్త సంగతి ఆ మాట నెరవేరినప్పుడు తెలుస్తుంది అని మాత్రం చెప్పి, తన దారిన తాను వెళ్లిపోయాడు. అందరి ముందు మెడ మీది కాడి విరగ్గొట్టించుకుని, జవాబు లేకుండా నడిచి వెళ్లిపోవడం ఎంత కష్టమో ఊహించండి. మాట తరువాత వచ్చింది. చెక్క కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వస్తుందని. హనన్యా ఆ ఏడే చనిపోయాడు.

ఇంకొకసారి, నగరం ముట్టడిలో ఉండగా, చెరసాల ఆవరణలో బందీగా ఉన్నప్పుడు, నీ పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతులో పొలం కొనమంటాడు అన్న మాట ఆయనకు వినిపించింది. అనాతోతు అప్పటికే శత్రువు చేతిలో ఉన్నట్టే లెక్క. అలాంటి చోట పొలం ఎవరు కొంటారు? పినతండ్రి కొడుకు హనమేలు నిజంగానే వచ్చి అడిగాక, అప్పుడు నాకు అది దేవుని మాటేనని తెలిసింది అని రాసుకున్నాడు యిర్మీయా. అప్పుడు తెలిసింది! ముందు వినిపించింది, తరువాత తెలిసింది. ప్రవక్తకే ఆ రెండింటి మధ్య ఎదురుచూపు తప్పలేదు. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షులు సంతకాలు చేశారు. ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి చదువుకునే పత్రం ఒకటి, రెండూ మట్టికుండలో పెట్టి భద్రం చేయమని బారూకుకు ఇచ్చాడు. మన దగ్గర పట్టా కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా లాకరులో దాచినట్టు. అన్నీ అయ్యాక దేవుని ముందు కూర్చుని, నగరం పోతుంటే పొలం కొనమన్నావేమిటి ప్రభువా అని అడిగాడు. లోబడిన తరువాత కూడా అర్థం కాలేదు ఆయనకు. ఆ మాట దాచుకోలేదు.

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో వాగ్దానాల కార్డులు తీస్తాం. పళ్లెంలో బోర్లించిన కార్డులు, వరసగా వచ్చి ఒక్కొక్కరు ఒకటి. ఆశీర్వాదం వస్తే ముఖాలు వెలుగుతాయి. కాస్త హెచ్చరికలాంటి వాక్యం వస్తే, ఇది పక్కనపెట్టి ఇంకొకటి తీసుకోనా అయ్యగారూ అని అడిగినవాళ్లను చూశాను. తీసుకోమన్నవాళ్లనూ చూశాను. నాకు నొప్పిగా ఉంటుంది. హనన్యాను మనమే పిలుచుకుంటున్నాం కదా అనిపిస్తుంది.

బైబిలు తెరిచి చూసి జవాబు అందుకున్న కథ మన తెలుగు సంఘాల చరిత్రలో ఒకటుంది. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి సంగతి. ఊళ్లో పెద్దకులాల వాళ్లు ఆయన్ని ఆదరించారు, పిల్లల్ని బడికి పంపారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య ద్వారా పల్లెల్లో మాదిగలు విశ్వాసంలోకి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలు రారు అన్నారు ఊరి పెద్దలు. లోకజ్ఞానం ప్రకారం చూస్తే పెద్దకులాలతో మొదలుపెట్టడమే తెలివి. ఆయన ఒక గదిలో, భార్య హ్యారియట్ గారు ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు దేవుణ్ని అడిగి బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకటే చోటు తగిలింది. దేవుడు పిలిచినవాళ్లలో జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరని, లోకం నీచమని తోసేసినవాళ్లనే ఆయన ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. ఆ భాగం ముగించేటప్పుడు పౌలు ఎత్తుకునే మాట యిర్మీయాదే. తొమ్మిదో అధ్యాయంలోది.

పుట తెరుచుకోవడం కన్నా ఆ తరువాత జరిగింది నాకు ముఖ్యం. వచ్చిన వాక్యం వాళ్లకు నష్టం తెచ్చే వాక్యం. పెద్దకులాల పిల్లలు బడి వదిలిపోయారు. అయినా వాళ్లు ఇంకో పుట తిప్పి చూడలేదు. పదేళ్ల తరువాత, 1876 నుంచి 1878 దాకా గొప్ప కరువులో, బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి, తిండి చూపించారు క్లౌ. బాప్తిస్మం ఇమ్మని జనం బతిమాలినా, కూటికోసం వస్తున్నారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆపేశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పదిహేను నెలలు నాకు యిర్మీయా పది రోజుల్లాగే కనిపిస్తాయి.

అదే బాప్టిస్టు మిషనులో చేరి రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో బయలుదేరి వచ్చి నల్లగొండలో పనిచేశారు. తరువాత సూర్యాపేటకు పని పాకింది. ఈ ప్రాంతంలో మా తాతల తరం చాలామంది బైబిలు పట్టుకున్నది ఆ దారిలోనే. చదువు రాని మాకు అక్షరం వచ్చిందీ ఆ దారిలోనే. ఒంగోలులో ఆ రోజు తెలివైన సలహా గెలిచి ఉంటే ఈ సాయంత్రం ఈ మైకు ముందు నేను ఉండేవాణ్ని కాదు.

కింహాము మజిలీలో జనం సంగతి మధ్యలో వదిలేశాను. వాళ్లు ఐగుప్తుకు వెళ్లిపోయారు. తహపనేసు అనే సరిహద్దు ఊళ్లో దిగారు. 1886లో ఫ్లిండర్స్ పెట్రీ ఆ చోట తవ్వినప్పుడు పాత కోట ముందు ఇటుకలు పరిచిన పెద్ద అరుగులాంటి జాగా బయటపడింది. ఆ దిబ్బను అక్కడి జనం యూదుని కూతురి కోట అని పిలుచుకునేవారు. ఫరో ఇంటి గుమ్మం ముందు ఇటుకల కింద యిర్మీయా పెద్ద రాళ్లు పాతిపెట్టాడని, బబులోను రాజు సింహాసనం ఈ రాళ్ల మీద వేస్తారని చెప్పాడని గ్రంథంలో ఉంది.

అవును, యిర్మీయాయే. పోవద్దని చెప్పిన మనిషి వాళ్లతో పాటే ఐగుప్తులో ఉన్నాడు. వాళ్లే తీసుకుపోయారు. అక్కడ కూడా ఆయన మాట వాళ్లు వినలేదు. అక్కడ కూడా ఆయన చెప్పడం మానలేదు. బబులోను సేనాపతి చూపించిన సుఖం వద్దనుకుని ఈ జనంతో ఉండిపోయినవాడు, వాళ్ల తప్పుదారిలో కూడా వాళ్ల మధ్యే కనిపిస్తాడు. ఆయన చావు ఎక్కడో గ్రంథంలో రాయలేదు.

ఆ రైతు మా ఇంటికి వచ్చిన మరునాడు రాత్రి ఆయన పొలానికి నేనూ వెళ్లాను. ముందు రోజు నేను చెప్పింది ఒక్కటే. పది రోజులు ఆగు తమ్ముడూ, నీ కోసం నేనూ ఆగుతాను, ఈ లోపల భూగర్భజలాల వాళ్లనూ ఒకసారి అడుగుదాం అని. ఆయన ఆగలేదు. అడ్వాన్సు పోతుందన్నాడు. బండి వచ్చింది. లైట్లలో తెల్లటి రాతిపొడి పొగలా లేస్తోంది. ఆయన భార్య తలకు కొంగు చుట్టుకుని కేసింగ్ పైపుల మీద కూర్చుని, ఒక్కో రాడ్ దిగుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. రెండు వందల అడుగుల దగ్గర పొడి కాస్త తడిసి, మళ్లీ ఎండుపొడే వచ్చింది. నాలుగు వందలకు బండివాడు ఆపేసి మా వైపు చూశాడు.

రైతు వచ్చి నా ముందు నేల మీద కూలబడ్డాడు. జుట్టు, కనురెప్పలు అన్నీ తెల్లగా ఉన్నాయి.

"సారూ, ఇప్పుడు దేవుణ్ని అడగండి," అన్నాడు. "నేనేమీ చెప్పి పెట్టలేదు ఆయనకు. ఎన్ని రోజులైనా ఆగుతాను."

బండి ఇంజను ఆపించి, ముగ్గురం ఆ పొడిలోనే మోకాళ్లూనాం.